నిమిషానికో లీటరు

"మీరు రావడం ఆలస్యమైంది అన్నయ్యగారూ. కేసు అయిపోయింది," అన్నాడు మా తోడల్లుడు, కుర్చీలోంచి సగమే లేచి.

గోడ గడియారంలో తొమ్మిదీ ఇరవై. నిన్న సాయంత్రం ఆరు దాటాక బయటపడిన శవం, ఇవాళ పొద్దున్న తొమ్మిదీ ఇరవైకల్లా అయిపోయిన కేసు. మా అత్తగారు ఊరికే అనదు, చిన్నల్లుడు పట్టిందల్లా బంగారమని.

నాకు అసూయే. దాచుకోవడం దేనికి? నేను పెద్దల్లుణ్ణి. ఇరవై రెండేళ్ళుగా ప్రైవేటు డిటెక్టివ్‌ని. వాచీలు బాగుచేసే షాపు మీద ఒంటిగది నా ఆఫీసు. అతను ఇన్‌స్పెక్టరు, నాకంటే పదేళ్ళు చిన్న, బెల్టు బిగించినా పొట్ట బయటికి రాదు. అత్తగారింట్లో అతనికి కాఫీ కప్పూ సాసర్‌లో వస్తుంది. నాకు గ్లాసు చేతికొస్తుంది. వేలు కాలినా పైకి అనను. కానీ ప్రతిసారీ చూస్తాను.

"హంతకుడెవరట?" అన్నాను.

"హంతకుడు కాదు, హంతకురాలు. పైలట్టమ్మ."

ఆ పైలట్టమ్మ అక్కే పొద్దున్న ఏడింటికి వచ్చి నా తలుపు కొట్టింది. "మా చెల్లెలు చీమకి కూడా అపకారం చెయ్యదండీ. పన్నెండింటికి కోర్టుకి తీసుకెళ్తారట. ఒకసారి హత్య కేసులో జైలుకెళ్తే లైసెన్సు మళ్ళీ ఇవ్వరు. ఎగరడం తప్ప దానికి ఇంకో పని రాదు," అని ఏడ్చింది. అంటే నా చేతిలో ఉన్నది రెండు గంటల నలభై నిమిషాలు.

కేసు ఇది. సరిహద్దుకి అవతల, పక్క దేశంలో ఒక నగరం. ఇవతల మా ఊరు. రెండింటి మధ్యా మందులూ ఉత్తరాలూ మోసే కంపెనీకి ఒక చిన్న విమానం ఉంది. ఒకే ఇంజను, ఒకే పైలట్. మంగళ, గురువారాలు పొద్దున్న వెళ్ళి సాయంత్రం తిరిగొస్తుంది. దిగేది పెద్ద విమానాశ్రయంలో కాదు, ఊరి బయట కంపెనీ మైదానంలో. అక్కడ ఒక షెడ్డు, ఒక రేడియో గది. నాలుగు దాటితే అందరూ ఇళ్ళకి పోతారు. రేడియో ఆపరేటరు ఒక్కడే ఉండి, విమానం దిగాక ఆ టైము పుస్తకంలో రాసి తాళం వేసుకుని వెళ్తాడు. ఆ ఆపరేటరుని నిన్న ఎవరో గోడకున్న ఫైర్ సిలిండరు తీసి తల వెనక కొట్టారు. అయిదింటికి అటూ ఇటూగా ప్రాణం పోయిందని డాక్టరు తేల్చాడు. టైములు రాసే పుస్తకం లేదు.

"వినండి," అన్నాడు మా తోడల్లుడు, వేళ్ళు మడుస్తూ. "రెండు ఊళ్ళ మధ్య దూరం నాలుగొందల ఎనభై కిలోమీటర్లు. ఆ విమానం వేగం గంటకి రెండొందల నలభై. అంటే రెండు గంటలు. అక్కడ ఎగిరింది మన టైము రెండూ ముప్ఫై అయిదుకి. వాళ్ళ గడియారం మనకన్నా అరగంట ముందు, అది కూడా తీసేసే చెప్తున్నా. ఇక్కడ దిగాల్సింది నాలుగూ ముప్ఫై అయిదు. ఆవిడ మాకు ఫోను చేసింది ఆరూ అయిదుకి. మధ్యలో గంటన్నర ఏం చేసినట్టు?"

"ఏం చేసిందంటావు?"

"ఇద్దరికీ సంబంధం ఉంది. ఏదో గొడవొచ్చింది. కొట్టేసింది. తర్వాత కూర్చుని ఆలోచించుకుని మాకు ఫోను చేసింది. నేను చెప్పడం కాదు, వాళ్ళాయన చెప్పాడు." డ్రాయరు తీసి ఒక నోటుబుక్కు నా ముందు పెట్టాడు. "నిన్న కబురు చెప్పడానికి కానిస్టేబులు వెళ్తే, అడక్కుండానే తెచ్చి ఇచ్చాడు పాపం."

ఆమె భర్త సర్వే ఆఫీసులో మ్యాపులు గీసే డ్రాఫ్ట్స్‌మన్. అక్షరాలు అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. నాలుగు గళ్ళు. తేదీ, దిగవలసిన టైము, ఇల్లు చేరిన టైము, తేడా. మైదానం నుంచి ఇంటికి పట్టే అరగంటా ముందే తీసేశాడు. ముప్ఫై మూడు రోజులు రాశాడు. తేడా ఏ రోజు చూసినా ఎనభై నిమిషాలకి కాస్త అటూ ఇటూ. చివర రెండు గీతలు కొట్టి మొత్తం వేశాడు: 2,655 నిమిషాలు.

నాలుగు నెలలుగా ఒక మనిషి కిటికీ దగ్గర గడియారం పెట్టుకుని కూర్చున్నాడు.

"ఆ ఆపరేటరు ఉద్యోగంలో చేరి ఎన్నాళ్ళయింది?" అడిగాను.

"నాలుగు నెలలు. అందుకే చెప్తున్నా, కేసు అయిపోయిందని."

*

ఆమె లోపలి గదిలో బల్ల మీద నిటారుగా కూర్చుని ఉంది. ముప్ఫై నాలుగేళ్ళుంటాయి. తెల్ల యూనిఫాం, కుడి చేతి మడత మీద ఎండిన నెత్తురు. నేను అడక్కముందే ఆ మరక వైపు చూసుకుని, "ఊపిరి ఉందేమోనని తల పైకెత్తాను. అప్పుడంటింది," అంది.

"ఎన్నింటికి దిగారు?"

"అయిదూ యాభై అయిదు."

"దిగేముందు రేడియోలో పిలిచారా?"

"అయిదున్నర నుంచి పిలుస్తూనే ఉన్నాను. పలకలేదు. టీకి వెళ్ళాడనుకుని, గాలి ఎటుందో నేనే చూసుకుని దిగాను."

"రెండు గంటల దారికి మూడు గంటల ఇరవై నిమిషాలెందుకు పట్టిందమ్మా?"

"అది రెండు గంటల దారి కాదండీ. నాలుగు నెలల నుంచి సరిహద్దు మీద అవతలి మిలిటరీ వాళ్ళు ఏవో విన్యాసాలు చేస్తున్నారు. ఆ మేర ఆకాశం మూసేశారు. సముద్రం మీదికి వెళ్ళి చుట్టు తిరిగి రావాలి. మొత్తం ఎనిమిది వందల కిలోమీటర్లవుతుంది."

నా వెనక నుంచి మా తోడల్లుడు పకపకా నవ్వాడు. "ఆకాశంలో చుట్టు దారేంటి మేడం? రోడ్డు తవ్వారా? పైపులు వేస్తున్నారా?" గుమ్మంలో కానిస్టేబులు కూడా నవ్వాడు. "సరే, ఆ మూసేసినట్టు కాగితం చూపించండి."

"కాగితం లేదండీ. మిలిటరీ సంగతి. బయల్దేరే ముందు నోటిమాటగా చెప్తారు."

"కంపెనీ వాళ్ళని అడిగాను అన్నయ్యగారూ. పార్సిళ్ళు సాయంత్రానికి చేరితే చాలు, ఏ దారిన వస్తుందో మాకు పట్టదన్నారు. రాడార్ ఆఫీసుకి రాశాను. జవాబుకి మూడు రోజులు పడుతుందట. అప్పటిదాకా ఈవిడ లోపలుంటారు."

"మూడు రోజులు లోపలుంటే నా లైసెన్సు పోతుంది సార్," అంది ఆమె. కళ్ళు దించలేదు.

"ఈ చుట్టు దారి సంగతి మీ ఆయనకి చెప్పారా?" అడిగాను.

"చెప్పానా అంటే? నాలుగు నెలలుగా ఇంటికెళ్ళగానే నా పని అదే కదండీ. మ్యాపు తెచ్చి, స్కేలు పెట్టి, ‘కాకి కూడా తిన్నగా ఎగురుతుంది, నీ విమానానికేం వచ్చింది’ అంటారు. ఒకరోజు కోపమొచ్చి, నమ్మితే నమ్మండి లేకపోతే లేదన్నాను. ఆ రోజు నుంచి అడగడం మానేశారు. నమ్మారనే అనుకున్నాను."

ఆమె చెప్పేది నిజమని నాకేమీ అనిపించలేదు. మా తోడల్లుడు తప్పయితే బాగుండునని మాత్రం గట్టిగా అనిపించింది. రెండూ ఒకటి కావని తెలుసు. ఆ పూటకి నాకు రెండోది చాలు.

"మీ విమానం ఎంత తాగుతుందమ్మా?"

ఆమె ఆశ్చర్యంగా చూసింది. పొద్దుట్నుంచి ఆమెని ఎవరూ విమానం గురించి అడిగినట్టు లేదు. "నిమిషానికో లీటరు. శిక్షణలో మాకు మొట్టమొదట నేర్పేది అదే. గడియారం చూడ్డం మర్చిపోయినా ఫర్వాలేదు, పెట్రోలు చూడ్డం మర్చిపోకూడదు."

"నిన్న అక్కడ ఎంత పోయించారు?"

"ఫుల్. మూడు వందల ముప్ఫై లీటర్లు. రసీదు నా సీటు పక్క జేబులో ఉంది. దిగాక ఒక చుక్క కూడా పోయలేదు, తియ్యలేదు. నేరుగా రేడియో గదికి వెళ్ళాను."

నేను మా తోడల్లుడి వైపు తిరిగాను. "పద తమ్ముడూ, మైదానానికి."

"ఇప్పుడా? పన్నెండింటికి కోర్టు. మీకేం, ఖాళీ మనిషి."

ఖాళీ మనిషి అన్న మాట చురుక్కుమంది. "నువ్వు చెప్పిందే నిజమైతే, వచ్చే ఆదివారం అత్తగారి ముందు నీ కాళ్ళకి దణ్ణం పెడతాను. నేను చెప్పింది నిజమైతే నువ్వేం పెట్టక్కర్లేదు. ఆవిణ్ణి వదిలేస్తే చాలు."

అతని కళ్ళు మెరిశాయి. ఆ దృశ్యం ఊహించుకున్నాడని నాకు తెలుసు. జీపు తాళాలు తీశాడు.

*

పదీ ఇరవై అయిదుకి మైదానంలో ఉన్నాం. విమానం నిన్న ఆపినచోటే ఉంది. చక్రాల కింద దిమ్మలు, తలుపుకి పోలీసు సీలు. దాని వెనక షెడ్డు, తలుపు మూసి ఉంది.

ముందు రేడియో గది చూశాను. గోడకి ఖాళీ కొక్కెం, సిలిండరు అక్కణ్ణుంచే తీశారు. కింద పడిన కుర్చీ. బల్ల మీద ఎదురెదురుగా రెండు టీ గ్లాసులు. ఒకటి ఖాళీ, రెండోది నిండుగా, పైన మీగడ కట్టి ఉంది. ఆపరేటరు పర్సు డ్రాయర్లోనే ఉంది. గోడ గడియారం ఉంది. బీరువా అరలో మాత్రం దుమ్ము లేని నలుచదరం మచ్చ ఒకటుంది. పుస్తకం ఉండే చోటు.

"పుస్తకం ఎందుకు మాయం చేసుంటుందంటావు?" అన్నాను.

"నాలుగూ ముప్ఫై అయిదుకి దిగినట్టు అందులో ఉంటుంది కాబట్టి."

"ఆ ఒక్క పేజీ చింపితే పోయేదానికి నాలుగు నెలల పుస్తకం మోసుకెళ్ళడం దేనికి? పోనీ, ఈ నిండు గ్లాసు ఎవరిది? కొట్టడానికొచ్చినవాళ్ళకి టీ ఎవరిస్తారు?"

"తెలిసినవాళ్ళకి ఇస్తారు. అందుకే ఆవిడ అంటున్నా," అన్నాడు. బుర్ర ఉంది, కాదనను. ఉండబట్టే నాకు మంట.

విమానం రెక్క కింద నిచ్చెన వేశాం. ట్యాంకులో ముంచి చూడ్డానికి గీతలు కొట్టిన కర్ర ఒకటి తలుపు పక్కనే కట్టి ఉంటుందని ఆమె చెప్పింది. నేను ఎక్కబోతే, "మీరుండండి, పడితే వదిన నన్నంటుంది," అని అతనే ఎక్కాడు. మూత తిప్పి కర్ర ముంచి తీశాడు. ఇస్త్రీ చొక్కా మీద పెట్రోలు కారింది. అల్పసంతోషమే అయినా, నాకు హాయిగా అనిపించింది.

"ఎడమ రెక్కలో అరవై అయిదు."

"రెండోది చూడు."

"అరవై రెండు."

మొత్తం నూట ఇరవై ఏడు. రసీదు చేతిలో పట్టుకుని నేను పైకే లెక్క చెప్పాను. "పోయించింది మూడు వందల ముప్ఫై. మిగిలింది నూట ఇరవై ఏడు. తాగింది రెండొందల మూడు లీటర్లు. నిమిషానికో లీటరు. నీ రెండు గంటలకైతే నూట ఇరవయ్యే కదా తాగాలి? మిగతా ఎనభై మూడు ఎక్కడికి పోయాయి తమ్ముడూ?"

అతను నిచ్చెన మీదే ఆగిపోయాడు. కర్రని మళ్ళీ ముంచి తీసి చూశాడు. తర్వాత మెల్లగా దిగి, చేతులు రుమాలుకి తుడుచుకున్నాడు.

"తీసి అమ్మేసుండొచ్చు," అన్నాడు.

తీసుండొచ్చు. ఇద్దరూ కలిసి వారానికి రెండుసార్లు ఎనభై లీటర్లు తీసుకుని అమ్ముకుంటున్నారని అతను కోర్టులో అంటే, ప్రియుడితో పాటు దొంగ అన్న పేరు కూడా ఆవిడకి వస్తుంది. సాయం చెయ్యబోయి నేనే ఇంకాస్త ముంచినవాణ్ణవుతాను. పదీ యాభై అయింది. రసీదు అటూ ఇటూ తిప్పాను. ఊరి పేరు, తేదీ, లీటర్లు. కింద మూలన వేరే సిరాతో చిన్నగా ఒక అంకె: 1204.1.

"ఇదేంటి?"

అతనికీ తెలియదు. స్టేషన్‌కి ఫోను చేయించి ఆమెని లైన్లోకి పిలిపించాను.

"అదాండీ, ఇంజను మీటరు," అంది. "ఇంజను ఎన్ని గంటలు నడిచిందో చూపిస్తుంది. అక్కడ పెట్రోలు పోసే అతను ప్రతి రసీదు మీదా ఆ అంకె వేస్తాడు. ఒకసారి ఎవరో పైలట్ నువ్వు తక్కువ పోశావని పోట్లాడాడట. అప్పట్నుంచి, ఎంత తిప్పారో నా దగ్గర రాసుంది, నన్ననకండి అంటాడు. ఆ మీటరు నా సీటుకి ఎదురుగా, కుడివైపు కింద ఉంటుంది చూడండి."

సీలు తీయించి, తలుపు తెరిచి ఇద్దరం ఒకేసారి తలలు దూర్చాం. ఒకరి తల ఒకరికి తగిలింది. 1207.5.

"మూడు పాయింట్ నాలుగు గంటలు," అన్నాను. "పాయింట్ నాలుగంటే ఇరవై నాలుగు నిమిషాలు. ఎగిరేముందు నేల మీద తిరిగిన కాసేపూ కలుపుకుంటే, దిగింది సరిగ్గా అయిదూ యాభై అయిదుకి. డాక్టరు చెప్పిన అయిదింటికి ఆవిడ సముద్రం మీద ఉంది."

"దిగాక నేల మీద ఊరికే తిప్పుతూ కూర్చుందనుకుంటే..." అని మొదలుపెట్టి, అతనే తల అడ్డంగా ఊపాడు. "కాదు. ఊరికే తిప్పితే అంత పెట్రోలు తాగదు. గంటలూ లీటర్లూ రెండూ కలిశాయి." కర్రని తలుపు పక్కన మళ్ళీ కట్టేశాడు. "తప్పు నాదే అన్నయ్యగారూ. కోర్టు సంగతి ఆపిస్తాను."

అతను మా అత్తగారింటి అల్లుడైన పన్నెండేళ్ళుగా ఈ మాట కోసం కాచుకుని ఉన్నాను. అతను పెడసరంగా అనుంటే పండగలా ఉండేది. ఇంత సులువుగా, ఇంత మర్యాదగా అనేసరికి అదీ లేకుండా పోయింది. ఒప్పుకోవడంలో కూడా నాకంటే మంచివాడే.

"మరి ఎవరు?" అన్నాడు.

"ఆ నోటుబుక్కు ఇలా తే." జీపు బానెట్ మీద పెట్టి చివరి పేజీ తీశాను. "నిన్నటి తేదీకి గడి లేదు చూశావా? రోజూ ఆవిడ ఇంటికి చేరేది ఆరున్నరకి. మీ కానిస్టేబులు వాళ్ళింటికి ఎన్నింటికి వెళ్ళాడు?"

"ఆరూ ఇరవై."

"ఆరూ ఇరవైకి ఇంకా ఆవిడ వచ్చే వేళే కాలేదు. చావు కబురు మీరింకా చెప్పనేలేదు. అప్పటికే ముప్ఫై మూడు రోజులదీ మొత్తం కూడి, కింద రెండు గీతలు కొట్టేశాడు. రేపట్నుంచి రాయాల్సిన పని లేదని అతనికెలా తెలుసు?"

మా తోడల్లుడు జీపు ఎక్కాడు. ఎక్కుతూనే స్టేషన్‌కి ఫోను చేసి, ఆమెని వదిలేసి, ఇంకో జీపులో వాళ్ళింటికి తీసుకురమ్మన్నాడు.

*

పదకొండూ నలభైకి డ్రాఫ్ట్స్‌మన్ తలుపు తీశాడు. సన్నటి మనిషి, నలభై ఏళ్ళు. గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి, చెవి మీద పెన్సిలుంది. "రండి సార్, కూర్చోండి," అని రెండు కుర్చీలు తెచ్చి వేశాడు, వాటిని సరిగ్గా ఒకే వరసలో ఉండేటట్టు జరిపాడు.

కిటికీ పక్కన పెద్ద డ్రాయింగు బల్ల. దాని మీద రెండు దేశాల మ్యాపు. మా ఊరి నుంచి అవతలి నగరానికి ఎర్ర సిరాతో తిన్నటి గీత. గీత పక్కనే కంప్యూటరులోంచి తీసిన కాగితం ఒకటి అంటించి ఉంది. రెండు నగరాల మధ్య దూరం నాలుగొందల ఎనభై కిలోమీటర్లు.

"నిన్న ఆఫీసు నుంచి ఎన్నింటికి వచ్చారు?" అడిగాను.

"నాలుగింటికి. తలనొప్పిగా ఉంటే సెలవు పెట్టాను."

"తర్వాత?"

"ఇంట్లోనే ఉన్నాను."

"రెండు గంటల్లో వస్తుందని మీకెవరు చెప్పారు?"

ఎర్ర గీత మీద వేలు పెట్టాడు. "ఇది చెప్పింది. మనుషులు అబద్ధాలు చెప్తారండీ, మ్యాపు చెప్పదు. ఈ మ్యాపు గీసిందే నేను."

మ్యాపు మధ్యలో కాస్త ఎత్తుగా ఉంది. అంత పద్ధతైన మనిషి బల్ల మీద మ్యాపు ఎత్తుగా ఉండడమేమిటని అంచు పట్టుకుని లేపాను. కింద ఆకుపచ్చ అట్ట పుస్తకం ఉంది. అట్ట మీద "విమానం దిగిన వేళలు" అని రాసి ఉంది. మా తోడల్లుడు ఒక్క అంగలో వచ్చి దాన్ని తీసుకున్నాడు.

భయపడతాడనుకున్నాను. అతను భయపడలేదు, ఉడుక్కున్నాడు. "చూడండి సార్, మీరే చూడండి! అన్నీ దొంగ రాతలే. అయిదూ యాభై, అయిదూ యాభై అయిదు, ఆరు. ప్రతి రోజూ ఎనభై నిమిషాలు కలిపి రాశాడు. నా నోటుబుక్కు పక్కన పెట్టి చూసుకుంటే తెలిసిపోతుంది. ఇద్దరూ కూడబలుక్కున్నారు."

"ఎన్నింటికి వెళ్ళారక్కడికి?"

"అయిదుకి ఆరు నిమిషాలు తక్కువ."

"ఆపరేటరు ఏమన్నాడు?"

"నవ్వాడండీ." ఆ మాట దగ్గర అతని పెదవి వంకర పోయింది. "నవ్వి, ‘మీ ఆవిడ విమానం ఇంకా రాలేదు సార్, కూర్చోండి, టీ తాగండి’ అన్నాడు. నాకు టీ పోసి ఇచ్చాడు! నాలుగూ ముప్ఫై అయిదుకి దిగిన మనిషిని ఇంకా రాలేదంటాడు. నా మొహం మీదే."

"మైదానంలో విమానం ఉందా మరి?"

"లేదు."

"లేకపోతే రాలేదనే కదా అర్థం?" అన్నాను.

"షెడ్డులో పెట్టి తలుపేశారు."

"తెరిచి చూశారా?"

"చూడ్డం దేనికి?" అన్నాడు, నేనేదో పసివాడి ప్రశ్న అడిగినట్టు. "లెక్క ప్రకారం దిగాలి కదా."

ముప్ఫై అడుగుల దూరంలో ఉన్న తలుపు లాగి చూసుకుంటే, టీ ఇచ్చిన మనిషి ఇవాళ బతికే ఉండేవాడు. నాకు ఒక్కసారిగా కోపమొచ్చింది. ఆ కోపం వెనకే సిగ్గూ వచ్చింది. పొద్దున్న స్టేషన్లో నేను కూడా నిజం కోసం వెతకలేదు, నాకు కావలసింది వెతుక్కున్నాను. దొరికింది నిజం కావడం నా అదృష్టం.

మా తోడల్లుడు జేబులోంచి బేడీలు తీసి, అతని ఎడమ చేతికి వేశాడు. అతను చెయ్యి ఇచ్చాడు. అప్పుడు నేను మొత్తం చెప్పాను. రసీదు, కర్ర, రెండొందల మూడు లీటర్లు, మీటరు మీద మూడు పాయింట్ నాలుగు గంటలు. మీ ఆవిడ ఒక్కరోజు కూడా అబద్ధం చెప్పలేదు, మీరు రాసుకున్న రెండువేల ఆరువందల యాభై అయిదు నిమిషాలూ ఆవిడ గాల్లోనే ఉంది, ఆ పుస్తకంలో ఆపరేటరు రాసిందంతా నిజమే అన్నాను. మెల్లగా, ఒక్కో ముక్కా విడమరిచి చెప్పాను. అతను ఏడిస్తే చూడాలని నాకుంది.

కింద జీపు ఆగిన చప్పుడైంది. మెట్ల మీద అడుగులు. ఆమె గుమ్మంలోకి వచ్చి, బేడీలూ ఆకుపచ్చ పుస్తకమూ చూసింది. గోడ పట్టుకుని నిలబడిపోయింది. "మీరా?" అని మాత్రం అంది. ఆ మాట వినీ వినపడనంత చిన్నగా వచ్చింది.

అతను ఆమె వైపు చూడలేదు. మ్యాపు కేసి వంగి ఉన్నాడు. "చుట్టు దారి ఎటు నుంచి?" అని నన్నడిగాడు.

"ఇలా," అన్నాను. తెలిసొస్తుందేమోనని, నేనే వేలుతో చూపించాను. అవతలి నగరం నుంచి తీరానికి, అక్కణ్ణుంచి సముద్రం మీద పెద్ద వంపు, మళ్ళీ మా ఊరికి.

బేడీ లేని చేత్తో చెవి మీది పెన్సిలు తీశాడు. నా వేలు వెళ్ళిన దారినే సన్నగా గీత గీశాడు. చెయ్యి ఎక్కడా వణకలేదు, అంత చక్కటి గీత నేనెప్పుడూ చూడలేదు. సముద్రం మధ్యలో పెన్సిలు ఆగింది.

"ఇక్కడో దీవి ఉంది," అన్నాడు.

పెన్సిలు మొనతో దాని చుట్టూ ఒక సున్నా చుట్టాడు.

"ఇక్కడ నేల చదునుగానే ఉంటుంది. చిన్న విమానం దిగొచ్చు."

"అక్కడ లైట్‌హౌస్ తప్ప ఇంకేం లేదండీ," అంది ఆమె. నాలుగు నెలలుగా జవాబులు చెప్పీ చెప్పీ అలవాటైపోయి, ఆ క్షణంలో కూడా నోటికి అదే వచ్చింది.

"లైట్‌హౌస్ ఉందంటే లైటు వేసే మనిషి ఉంటాడు."

"ఉంటాడు. ముసలాయనండీ, డెబ్బై ఏళ్ళాయన."

అతను అప్పుడు తల తిప్పి, మేం వచ్చాక మొదటిసారి, భార్య మొహంలోకి చూశాడు.

"ముసలాడని నీకెలా తెలుసు?"